కేకయు నిజమును

"నిజము నిలకడమీద తెలియును" అని మన పెద్దలమాట. మాట పుట్టిన వెంటనే దానిని నమ్మవలదనియు, కోపతాపములు చల్లారి, కంగారు తీరి, నలుగురును నాలుగు మాటలు చెప్పిన పిమ్మట గాని యథార్థము తేలదనియు దీని భావము. కాని న్యాయశాస్త్రమునందు దీనికి సరిగా నెదురు నిలుచు సూత్రమొకటి కలదు. ఆలోచించుకొనుటకు వ్యవధి లేనప్పుడు నోటివెంట వెడలిన మాటను, ఆ పలికినవాడు కోర్టునకు రాకున్నను, సాక్ష్యముగా గ్రహింపవచ్చును; వ్యవధి చిక్కిన పిమ్మట చెప్పిన అదే మాటను గ్రహింపరాదు. లోకోక్తి నిలకడను నమ్మినది. ధర్మాసనము తొట్రుపాటును నమ్మినది. ఈ రెంటిలో నేది సత్యమునకు దారి యను ప్రశ్న చిరకాలముగా నన్ను వెన్నాడుచున్నది.

నేను న్యాయవాదిని గాను. పాఠశాలలో పిల్లలకు సంస్కృతమును ఇంగ్లీషును బోధించి జీవించువాడను. నాకీ చర్చతో పనియేమని చదువరులు అడుగవచ్చును. ఉపాధ్యాయుడు దినమునకు పదిసారులైనను న్యాయాధిపతి పీఠమెక్కవలసినవాడే. ఆ పీఠముమీద కూర్చుండి నేనొకప్పుడు చేసిన తప్పిదమే నన్నీ విచారమునకు దింపినది.

కొన్నియేండ్ల క్రిందట మధ్యాహ్న విరామ సమయమున మా పాఠశాల మెట్లమీదినుండి యొక బాలుడు పడి నుదురు పగులగొట్టుకొనెను. నేను పరుగెత్తి చేరునప్పటికి నెత్తురు కారుచుండగా వాడు ఒక సహపాఠిని వ్రేలితో చూపి, "వాడే తోశాడండీ" యని గొల్లుమనెను. ఆ కేకలో కపటము లేదు. వినినవారిలో నెవ్వరికిని సందేహము కలుగలేదు. రెండవ బాలుడు కొంతసేపు నోరు మెదపలేదు. పిమ్మట తడబడుచు, "నేను పట్టుకోబోయానండీ" యనెను. ఆలస్యముగా వచ్చినది గనుక ఆ మాట అల్లినదని నాకు తోచెను. అందరి యెదుటను వానిని నిలువబెట్టి కఠినముగా మందలించి, నెలదినములు ఆటలకు రాకూడదని శాసించితిని. మూడవనాడు నుదుట కట్టుతో వచ్చిన బాలుడు తనంత తానే నాయొద్దకు వచ్చెను. తన చెప్పు మెట్టు అంచున తగులుకొని జారెననియు, వీపుమీద చేయి తగులుటచే తోసినాడనుకొంటిననియు, ఇంటికిపోయి తలచుకొనగా ఆ చేయి తన చొక్కాను వెనుకకు లాగినట్లు జ్ఞాపకము వచ్చినదనియు చెప్పెను. మొదట వాడు అబద్ధమాడలేదు, మూడవనాడును అబద్ధమాడలేదు. మొదటి మాట నిష్కపటము, తప్పు. రెండవ మాట నిష్కపటము, ఒప్పు. నిర్దోషియగు బాలుని పిలిచి అందరి యెదుటను నా తప్పు నొప్పుకొంటిని. వాడు "ఫరవాలేదండీ" యనెను. కాని ఆ సంవత్సరమంతయు తరగతిలో నేను ప్రశ్న యడిగినప్పుడు వాడు మరల చేయి యెత్తలేదు.

సాక్ష్యచట్టమునకు మూలమైన నియమము సులభమైనది. సాక్షి తాను కన్నదియు తాను విన్నదియు చెప్పవలయునే గాని, జరిగిన దానిని చూచినవాడు మరియొకడై, వాడు తనతో చెప్పిన దానిని ప్రమాణముగా చెప్పరాదు. జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను రచించిన 1872 నాటి భారత సాక్ష్యచట్టమున నిది 60వ సెక్షను. దానికి మారుగా 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 55వ సెక్షను. దీనికి కారణము స్పష్టము. బోనునకు రానివాడు ప్రమాణము చేయడు. వానిని ఎదురు ప్రశ్నలు అడుగుటకు వీలులేదు. చెప్పునప్పుడు వాని ముఖము న్యాయాధిపతికి కనబడదు.

మన తెలుగుబాస యీ భేదమును చట్టములకంటె ముందే గుర్తించినది. "వచ్చెను" అన్నచో నేను చూచితినని యర్థము. "వచ్చెనట" అన్నచో నేను వినితినని యర్థము. ఈ "అట" యను రెండక్షరములు మన వ్యాకరణములోని సాక్ష్యచట్టము. కాని మాట ఒక నోటినుండి మూడవ నోటికి పోవునప్పటికి ఆ రెండక్షరములు రాలిపోవును. ఏ వితంతువునుగూర్చియో, ఏ కూలివాని చేతివాటమునుగూర్చియో సాయంకాలము అరుగుమీద "అట"తో పుట్టిన మాట తెల్లవారునప్పటికి ఊరెరిగిన సత్యమై కూర్చుండును. వినికిడి మాటను కోర్టు గడప దాటనీయని నియమము బలహీనులకు గొప్ప రక్షణమని యెరుగవలయును.

ఐనను ఆ నియమమును అక్షరాల పాటించినచో మరియొక అన్యాయము జరుగును. కత్తిపోటు తిన్నవాడు పొడిచినవాని పేరు కేకవైచి ప్రాణము విడిచెననుకొందము. కేక వినినవాడు "నేను చూడలేదు, వింటిని" అనును. చూచినవాడు లేడు. అంతమాత్రమున ఆ కేక గాలిలో కలిసిపోవలసినదేనా? 1693లో ఇంగ్లండులో థాంప్సను - ట్రెవానియనుల వ్యాజ్యెమున, భార్యకు తగిలిన గాయములకై దంపతులు దావా తెచ్చినప్పుడు, ప్రధాన న్యాయాధిపతి హోల్టు ఈ చిక్కునకు దారి చూపెను. దెబ్బతగిలిన వెంటనే, తనకు లాభించునట్లు ఏదియు కల్పించుకొనుటకు వ్యవధి లేకమునుపే ఆ స్త్రీ పలికిన మాటను సాక్ష్యముగా తీసికొనవచ్చునని ఆయన నిర్ణయము. అబద్ధమునకు అల్లిక కావలయును, అల్లికకు కాలము కావలయును, కాలము లేనిచోట అబద్ధమునకు చోటులేదని దీనిలోని తర్కము. ఇట్టి మాటలను లాటినుభాషలో "రెస్ జెస్టే" యందురు. జరిగిన పని యని యర్థము. ఆ పలుకు జరిగినదానిని గూర్చిన కథనము గాదు, జరిగినదానిలో నొక ముక్క యన్నమాట. 1872 చట్టపు 6వ సెక్షనును, నేటి 4వ సెక్షనును దీనినే చెప్పుచున్నవి. ఒకడు మరియొకని కొట్టి చంపెనను నేరమున, కొట్టుచున్నప్పుడుగాని, ఆ పనిలో భాగమనదగినంత కొంచెము ముందుగాని వెనుకగాని, కొట్టినవాడును దెబ్బలు తిన్నవాడును చుట్టునున్నవారును పలికినదంతయు విచారణకు పనికివచ్చునని యందలి యుదాహరణము.

ఈ సూత్రమునకు ప్రాణము వ్యవధిలో నున్నది గనుక, వ్యవధి యెంత యను తగవు వెంటనే పుట్టినది. 1879లో ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌న నొక స్త్రీ, గొంతు తెగిన స్థితిలో, తానును బెడింగ్‌ఫీల్డు అనువాడును ఉన్న గదినుండి వెలుపలికి వచ్చి, వాడు తనకేమి చేసెనో చూడుమని చెప్పి కొలది నిమిషములలో మరణించెను. పని ముగిసిన తరువాత పలికినది గనుక ఆ మాట పనిలో భాగము గాదని ప్రధాన న్యాయాధిపతి కాక్‌బర్ను దానిని త్రోసివేసెను. ఇతర సాక్ష్యమునుబట్టి వానికి ఉరిశిక్ష పడినదిగాని, గొంతు తెగిన మనిషికి కల్పనచేయుటకు తీరిక యెక్కడిదని ఆనాటినుండి న్యాయవేత్తలు విమర్శించుచునే యుండిరి. నూరేండ్లు దాటిన పిమ్మట 1987లో ప్రభువుల సభ ఆండ్రూసు వ్యాజ్యెమున ఈ పట్టును సడలించెను. ఇంట దూరి పొడిచిన ఇద్దరినిగూర్చి గాయపడిన మనిషి కొన్ని నిమిషములకే వచ్చిన పోలీసులతో చెప్పిన మాటను, ఆయన రెండునెలలకు మరణించిన పిమ్మట, సాక్ష్యముగా గ్రహించిరి. చూడవలసినది గడియారమును గాదనియు, ఆ సంఘటనయొక్క తాకిడి మనస్సును ఇంకను పూర్తిగా ఆవరించియున్నదా, కల్పనకు అవకాశము లేదని చెప్పవచ్చునా యను విషయమనియు లార్డు ఆక్నరు వివరించెను. ఆ గాయపడినవాడు మద్యము సేవించియుండుటచే, కల్పన లేకున్నను పొరపాటునకు ప్రత్యేక కారణమున్నదేమో న్యాయాధిపతి విచారింపవలయునని కూడ ఆయన హెచ్చరించెను. ఈ హెచ్చరికను చదువరులు మనస్సున నుంచుకొందురుగాక. నా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది.

మన దేశపు కోర్టులు వ్యవధి విషయమున మిక్కిలి జాగరూకతతో నున్నవి. 1993 మార్చి 8వ తేదీన గుంటూరు సీమలో చిలకలూరిపేటకు పోవుచుండిన బస్సును దోపిడిగాండ్రు తగులబెట్టగా 23 మంది ప్రయాణికులు దగ్ధమైరి. కాలిన గాయములతో నున్నవారినుండి మరణవాఙ్మూలమని తలచి మెజిస్ట్రేటు మాటలు వ్రాసికొనెను, చెప్పినవారు బ్రతికిరి. బ్రతికినవాని మాట మరణవాఙ్మూలము గాజాలదనియు, ఘోరము జరుగుటకును వ్రాసికొనుటకును నడుమ గణింపదగినంత వ్యవధి యుండుటచే అది జరిగిన పనిలో భాగమును గాదనియు, కోర్టులో సాక్షి చెప్పినదానికి తోడ్పాటుగా మాత్రమే పనికివచ్చుననియు 1996లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. అంత ఘోరమునందు సయితము మాట వచ్చిన దారిని పరీక్షింపక వదలలేదు.

ఈ నియమమును మన న్యాయదర్శనముతో పోల్చి చూచినచో నొక వింత గోచరించును. గౌతముడు ఆప్తుని యుపదేశమును శబ్దప్రమాణమనెను. ఆప్తుడెవడు? విషయమును స్వయముగా నెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు తెలుపగోరి పలుకువాడని వాత్స్యాయనుడు భాష్యమున వివరించి, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే యని కూడ చెప్పెను. పలికినవాని కులమునుబట్టియు, వస్త్రమునుబట్టియు మాటకు తూకము వేయు మన యలవాటునకు ఆ ప్రాచీనుడే సమాధానము చెప్పియున్నాడు. ఇట్లు ఆప్తత్వమునకు రెండు కాళ్లు: ఎరుక యొకటి, నిజము చెప్పగోరుట రెండవది. ఇంగ్లీషు న్యాయవేత్తలు ఆప్తత్వమును మనుష్యునియందు గాక క్షణమునందు వెదకిరి. మంచివాడో చెడ్డవాడో తెలియకున్నను, ఆ క్షణమున వానికి అబద్ధమాడు తీరిక లేదు గనుక వాడు ఆప్తుడే యనిరి. ఇది రెండవ కాలిని గట్టిపరచినమాట నిజమే. మొదటి కాలిమాట యేమి?

భయమునందును బాధయందును మనస్సు అల్లిక చేయజాలదు, సరిగా చూడనుజాలదు. 1928లో అమెరికాలో రాబర్టు హచిన్సు అను న్యాయశాస్త్రాచార్యుడును డోనాల్డు స్లెసింజరు అను మనశ్శాస్త్రజ్ఞుడును కలిసి వ్రాసిన వ్యాసమున దీనినే చూపిరి. ఏ యుద్రేకము అబద్ధమును అణచివేయునో ఆ యుద్రేకమే చూపును చెదరగొట్టునని వారి వాదము. మా పాఠశాల మెట్లమీద జరిగినది సరిగా నిదియే. పట్టుకొన్న చేయి తోసిన చేయిగా తోచెను. కేక నిష్కపటము, నేను దాని నిష్కపటత్వమును విని, అదియే సత్యమని భ్రమించితిని. నిజాయితీ వేరు, నిజము వేరు.

తప్పిదమునకు రెండవ పార్శ్వము ఇంతకంటె ఘోరమైనది. కేక వేసినవాని నమ్మినందున, కేక వేయనివానిని శంకించితిని. వెంటనే వచ్చిన మాట నిజమన్న సూత్రము మన మనస్సులో మెల్లగా తలక్రిందులై, ఆలస్యముగా వచ్చిన మాట అబద్ధమను సూత్రముగా మారును. తర్కము తెలిసినవారు దీనిని క్షణములో ఖండింపగలరు. పొగయున్నచోట నిప్పుండునన్నంతమాత్రమున, పొగలేనిచోట నిప్పులేదని చెప్పుటకు వీలులేదు. ఎర్రగా కాలిన ఇనుపగుండు దీనికి దృష్టాంతమని తర్కసంగ్రహము చదివిన ప్రతి బాలునకును తెలియును. ఆ పాఠమును నేనే చెప్పుచుంటిని. ఐనను ఆనాడు నాకది జ్ఞప్తికి రాలేదు.

ఈ పొరపాటు నా యొక్కనిదే కాదు. శతాబ్దముల తరబడి స్త్రీల విషయమున సంఘములు చేసినది. 13వ శతాబ్దమునాటి ఇంగ్లీషు న్యాయవేత్త బ్రాక్టను, బలాత్కారమునకు గురియైన స్త్రీ వెంటనే సమీప గ్రామములకు పరుగెత్తి గోలపెట్టి, చినిగిన బట్టలను గాయములను చూపవలయునని వ్రాసెను. అట్లు చేయని దాని మాట వినుటకు లోకము వెనుదీసెను. ఏ కోడలు అత్తవారింట వెంటనే కేకవేయగలదు? తండ్రికి తెలిసిన పరువు పోవునని, భర్తకు తెలిసిన గడప దాటించునని, కేకవేసినను వచ్చువారు లేరని యెరిగిన స్త్రీ మౌనమును అబద్ధమునకు గుర్తుగా గ్రహించుట ఎంత క్రూరము! కేకవేయుట కూడ నొక స్వాతంత్ర్యము. అది లేనివారు నిలకడమీదనే నిజము చెప్పుకొందురు. పంజాబునుండి వచ్చిన యొక వ్యాజ్యెమున 1996లోనే మన సుప్రీముకోర్టు ఇట్టి నేరములందు ఫిర్యాదు ఆలస్యమైనదన్నంతమాత్రమున స్త్రీ మాటను త్రోసివేయరాదని చెప్పి, కుటుంబపు గౌరవమునుగూర్చిన భయము మొదలగు కారణములను గణింపవలయుననెను. న్యాయస్థానము ఇంతదూరము నడచినది. మన యిండ్లు నడచినవా?

ఈ సందర్భమున మన స్మృతికర్తలను తలంపక తీరదు. మనువు న్యాయాధిపతిని, ఎదుటివాని స్వరమును, ముఖవర్ణమును, చూపును, చేష్టలనుబట్టి లోపలి భావము గుర్తింపుమనెను. యాజ్ఞవల్క్యుడు ఇంకను ముందునకు పోయి, చెమట పట్టుట, మాట తడబడుట, ఒకచోట నిలువలేకుండుట మున్నగు చిహ్నములను దుష్టుని లక్షణములుగా నెన్నెను. వీనిని చదివినవాడనగుటచేతనే కాబోలు నేను ఆ బాలుని తడబాటును దోషముగా చదివితిని. కాని ఆ శ్లోకములకు వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో చేర్చిన మాటను నేను మరచితిని. ఈ చిహ్నములు దోషమున్నదేమో యను ఊహకు మాత్రమే పనికివచ్చును, నిశ్చయమునకు పనికిరావు. వికారము స్వభావముచే పుట్టినదో కారణముచే పుట్టినదో విడదీయుట దుర్లభము గనుక అని ఆయన వ్రాసెను. ఎనిమిదివందలయేండ్లకు పైబడిన ఆ హెచ్చరిక నేటి న్యాయపీఠముల హెచ్చరికతో సరిగా కలియుచున్నది.

అట్లయిన కేకను గ్రహింపవలదా? గ్రహింపవలయును. గ్రహించుట వేరు, నమ్ముట వేరు. చట్టము తలుపు తెరచి మాటను లోపలికి రానిచ్చునే గాని, వచ్చిన మాటకు పట్టము గట్టుమని చెప్పలేదు. ఈ తేటతెల్లమైన భేదమును ఎరుగుటకు మన తెలుగువారి కథయే యొకటి కలదు. పిఠాపురము దివానుగారి కొలువున బంట్రోతుగా నుండిన యొక మనుష్యుడు 1937 మార్చి నెలలో, తనకు రావలసిన బాకీ పుచ్చుకొనుటకు బరంపురము రమ్మని జాబు వచ్చినదని భార్యతో చెప్పి బయలుదేరెను. కొలదిదినములకే, 23వ తేదీన, పూరీలో మూడవ తరగతి రైలుపెట్టెలోని యొక ఉక్కు ట్రంకులో నాతని శవము ఖండములుగా దొరకెను. ఇది కేక గాదు, భయముచే పలికినది గాదు. ప్రయాణమునకు ముందు భర్త భార్యతో చెప్పు సామాన్యమైన మాట. దీనికి వర్తించినది 32వ సెక్షను, అనగా మరణించినవాని మాటకు సంబంధించినది. మృత్యువు సమీపించినదని యెరుగకముందు పలికినదైనను, మరణమునకు దారితీసిన పరిస్థితిని తెలుపుచున్నది గనుక ఆ మాట చెల్లునని 1939లో పాకాల నారాయణస్వామి వ్యాజ్యెమున ప్రీవీ కౌన్సిలు పక్షమున లార్డు అట్కిను తీర్పుచెప్పెను. లోకము లెక్కచేయని యొక పేదరాలు విన్నమాట సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానమున చెల్లినది. కాని ఆ మాటతోనే వారు ఆగలేదు. ఆ ట్రంకు బరంపురమున నెవరికొరకు కొనబడెనో, స్టేషనునకు నెట్లు చేరెనో చెప్పిన సాక్ష్యమును దానితో జోడించి చూచిరి. మాట త్రోవ చూపినది. త్రోవపొడవున అడుగులు వెదకినది విచారణ.

ఇదియే మన నిత్యజీవితమునకును తగిన పద్ధతి. ఇంటను, బడిలోను, వీథిలోను మనమందరమును తీర్పరులమే. మన తీర్పులపై పైకోర్టు లేదు. కేక వినబడినప్పుడు పరుగెత్తుట ధర్మము, గాయమునకు కట్టుకట్టుట ధర్మము, పలికినమాటను పలికినట్లు గుర్తుంచుకొనుట ధర్మము. శిక్షమాత్రము నిలకడకు విడిచిపెట్టవలయును. పెద్దగా పలికినవానిని వినిన పిమ్మట, మెల్లగా పలుకువానికొరకు కొంతసేపు నిలువవలయును. ఒకరి మాటను మరియొకరికి చేర్చునప్పుడు ఆ "అట" యను రెండక్షరములను జారవిడువక చేర్చవలయును. ఇంతమాత్రము చేసినచో లోకోక్తికిని చట్టమునకును వైరములేదని తేలును: కేక నిజమును వెదకుటకు మొదలు, నిలకడ దానికి తుద.

ఆ రెండవ బాలుడు ఇప్పుడు పెరిగి పెద్దవాడైనాడు. క్రిందటియేడు త్రోవలో కనబడి నమస్కరించి, ఆరోగ్యమెట్లున్నదని యడిగెను. అతడు ఆ దినమును మరచెనో లేదో నేను అడుగలేదు. నాడు వాని మాట తుదవరకు విననైతినను దుఃఖముచేత, ఇప్పుడు తరగతిలో నే బాలుడైనను జవాబు చెప్పుటకు తడబడినప్పుడు, వాడు ముగించువరకు నేను నోరు విప్పుట మానివేసితిని.